గుండ్లకమ్మ ఒడ్డున ఒక రోజు

బాప్తిస్మపు తరగతి ముగిశాక పిల్లలను ఒక రోజు ఎక్కడికైనా తీసుకువెళ్ళడం మా సంఘంలో అలవాటు. మామూలుగా సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, నాలుగు పాటలు పాడుకుని, పులిహోర తిని వచ్చేస్తాము. ఈసారి మాత్రం ఒంగోలు వెళ్దామన్నాను. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళు గుండ్లకమ్మ నది చూడకపోతే ఎలా అనిపించింది.

తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని తుఫాన్ బండిలో బయలుదేరాము. ఏడుగురు పిల్లలు, నేను, నా భార్య, మా సంఘ పెద్ద అయిన రిటైర్డు మాస్టారు. పిల్లలని అన్నాను గానీ ఒకతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. మా కమిటీ సభ్యుడొకరి అమ్మాయితో పెళ్ళి నిశ్చయమైంది. బాప్తిస్మం లేనివారికి మందిరంలో పెళ్ళి చేయకూడదని మా సంఘ నియమం. అందుకని అతని పేరు కూడా జాబితాలో చేర్చాను. పన్నెండు పాఠాలలో మూడింటిని ఫోనులోనే చెప్పాను. మిగిలిన తొమ్మిదీ విన్నట్టు హాజరు పుస్తకంలో నేనే టిక్కులు పెట్టాను. కమిటీ సభ్యుడి మొహం చూసి చేసిన పని అది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

దారి పొడవునా మాస్టారు కబుర్లే. "మా ముత్తాత ఆ రెండువేల రెండువందల ఇరవై ఇద్దరిలో ఒకడర్రా" అని కావలి దాటకముందే రెండుసార్లు చెప్పారు. మా ప్రాంతపు సంఘాలలో ఈ మాట చెప్పే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందరి ముత్తాతలనూ లెక్కిస్తే ఆ రోజు నదిలో దిగినవారు పదివేలైనా అయి ఉండాలి! మాస్టారు నొచ్చుకుంటారని ఆ మాట పైకి అనలేదు.

ముందుగా ప్రార్థన కొండ ఎక్కాము. కొండ అంటే పెద్ద కొండేమీ కాదు, మాస్టారు కూడా రెండుచోట్ల ఆగి ఎక్కగలిగారు. 1854 జనవరి 1న సూర్యోదయ వేళ లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఇక్కడ మోకరించి ఒంగోలు కోసం ప్రార్థించారు. అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య 1836లో మొదలుపెట్టిన పనికి అప్పటి ఫలం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతే. ఆ మిషనును మూసివేయాలన్న ఆలోచన అప్పటికే ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆ ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది పన్నెండేళ్ళ తరువాత, 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఈ సంగతులు పిల్లలు సండే స్కూలులో విన్నవే. ఫోనులలో ఫొటోలు తీసుకున్నారు. నేనూ తొందరపెట్టాను, ఎందుకంటే నాకు వాళ్ళకు చూపించాలని ఉన్నది కాలువ.

కొత్తపట్నం సముద్రపు ఒడ్డుకు వెళ్ళే దారిలో బకింగ్‌హాం కాలువ దగ్గర బండి ఆపించాను. చూడటానికి అక్కడ ఏమీ లేదు. గుర్రపుడెక్క పెరిగిన నీళ్ళు, గట్టు మీద తుమ్మచెట్లు, ఒక బర్రె. "ఇదేమిటి పాస్టరుగారూ, ఇక్కడ దించారు?" అన్నారు పిల్లలు.

1876 నుండి 1878 వరకు సాగిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆకులు, వేర్లు తిని బ్రతికిన రోజులు. వాటితో పాటు కలరా. ప్రభుత్వం కరువు పనులుగా ఈ కాలువ తవ్వకం చేపట్టింది. క్లౌ దొరగారు మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. అందుకని మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పార పని, మధ్యాహ్నపు విరామంలోనూ సాయంకాలాల్లోనూ సువార్త. జనం విన్నారు, నమ్ముతున్నామన్నారు, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

ఆయన ఇవ్వలేదు! ఒకరికి కాదు, ఇద్దరికి కాదు, పదిహేను నెలలకు పైగా ఎవరికీ ఇవ్వలేదు.

ఈ మాట చెప్పి నేను కాసేపు ఆగాను. ప్రియ చదువరీ, ఒక బోధకుని స్థానంలో ఉండి దీన్ని ఆలోచించండి. సంవత్సరాల తరబడి విత్తినవాడి ఎదుట వేలమంది నిలబడి మమ్మల్ని చేర్చుకోమంటున్నారు. చేర్చుకుంటే పేరు, విదేశానికి పంపే నివేదికలో పెద్ద అంకె. కానీ ఆయన భయం వేరు. ఆకలితో ఉన్న మనిషికి కూలి ఇచ్చిన చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే, ఆ మనిషి తాను దేనికోసం వచ్చాడో తనకే తెలియకుండా పోతుంది. అబద్ధమాడాలని కాదు. గింజల మీది ఆశనే దేవుని మీది విశ్వాసం అనుకుంటాడు. అలా అనుకుని చివరిదాకా బ్రతికేయగలడు కూడా.

ఒక పిల్లవాడు అడిగాడు. "మరి ఆ పదిహేను నెలల్లో చనిపోయినవాళ్ళ సంగతేమిటి పాస్టరుగారూ?" మంచి ప్రశ్న. సిలువ మీద దొంగకు నీళ్ళు దొరకలేదు, పరదైసు దొరికింది అని చెప్పాను. నీళ్ళు దొరికినా హృదయం మారనివాడి సంగతి అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఉంది, గారడీ సీమోను. ఫిలిప్పు చేతనే బాప్తిస్మం పొందాడు. పేతురు వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. సీమోనుకు తన మీద తనకు వచ్చిందో లేదో!

అక్కడే గట్టు మీద పులిహోర పొట్లాలు విప్పాము. హైదరాబాదు అబ్బాయి సరిగా తినలేదు. ఎండ దెబ్బ అనుకున్నాను.

వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరం. మేము వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నల్లమలలో పుట్టి వచ్చే గుండ్లకమ్మ మీద ఇప్పుడు మల్లవరం దగ్గర జలాశయం ఉంది. మేము చూసిన చోట నీరు మోకాళ్ళ లోతు కూడా లేదు. "ఇందులో ఎలా ముంచారు?" అని పిల్లలు నవ్వారు. అది జూలై నెల, ఆనాటి నది వేరు అన్నారు మాస్టారు.

1878 జూన్ నాటికి ఇక ఆపడం వీలుకాలేదు. ఒంగోలులో మశూచి ఉన్నందున జనాన్ని ఊళ్ళోకి రావద్దని, వెల్లంపల్లి దగ్గర నది ఒడ్డున కలుసుకుందామని క్లౌ దొరగారు కబురు పంపారు. పంచడానికి డబ్బు, గింజలు తన దగ్గర ఏమీ లేవని జనానికి తెలియజెప్పారు. అయినా వచ్చారు. ఊళ్ళ వారీగా కూర్చోబెట్టి, ఆ ఊళ్ళ సంగతి తెలిసిన బోధకులచేత ఒక్కొక్కరినీ విచారింపజేశారు. నమ్మకం కుదరనివారిని ఆగమన్నారు. జూలై 3వ తేదీన ఆరుగురు బోధకులు, ఒకసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, ఉదయం మొదలుపెట్టి, మధ్యాహ్నం కొంతసేపు ఆగి, చీకటి పడే వేళకు ముగించారు. 2,222 మంది. దొరగారు నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున ఉండి అంతా క్రమంగా జరిగేలా చూసుకున్నారు. డిసెంబరు ఆఖరుకు ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది. అప్పుడు కూడా ఇవి గంజి కోసం వచ్చిన చేరికలే అన్నవారు లేకపోలేదు. కానీ ఆ మాటకు జవాబుగా పదిహేను నెలల నిరీక్షణ ఒకటి ఆయన దగ్గర ఉంది. ఈ రోజు నా దగ్గర అలాంటిదేముంది?

"అంతమందీ నిజంగా నమ్మారా పాస్టరుగారూ?" అని అందరిలో చిన్నదైన అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోగా మాస్టారు, "మా ముత్తాత మాత్రం నమ్మాడమ్మా" అన్నారు. ఆ పిల్ల ఊరుకోలేదు. "మరి మీరు, తాతయ్యా?" అంది.

మాస్టారు నదివైపు చూశారు. చాలాసేపటికి, "ఎనభై ఏళ్ళు వస్తున్నాయి, నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు తల్లీ" అన్నారు. కోపంగా కాదు. ఆ తరువాత ఆ రోజంతా ముత్తాత ప్రస్తావన తేలేదు.

అప్పుడు బైబిలు తీసి 1 కొరింథీయులకు పదో అధ్యాయం చదివాము. ఇశ్రాయేలీయులందరూ మేఘం క్రింద నడిచారు, అందరూ సముద్రం దాటారు, అందరూ ఒకే ఆహారం తిన్నారు. అందరూ అనే మాట పౌలు మళ్ళీ మళ్ళీ అంటాడు. అయితే వారిలో ఎక్కువమంది అరణ్యంలోనే రాలిపోయారు. సముద్రం దాటిన రోజును ఎవరూ మరిచిపోయి ఉండరు. తేదీ గుర్తుంది, నడక మారిపోయింది.

అదే అమ్మాయి ఈసారి నన్ను అడిగింది. "మీరు రక్షింపబడ్డారని మీకెలా తెలుసు పాస్టరుగారూ?" ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. 1994 మే నెల, యూత్ క్యాంపు ఆఖరి రాత్రి, చెయ్యెత్తాను, కార్డు మీద సంతకం చేశాను. ఆ కార్డు ఇప్పటికీ నా బైబిలులోనే ఉంది. సాక్ష్యం చెప్పమన్న ప్రతిచోటా తీసి చూపిస్తాను. చెయ్యి బైబిలు మీదికి వెళ్ళింది కూడా. ఎందుకో తీయలేకపోయాను. ఆ రాత్రి ప్రభువు నన్ను తాకాడని నా నమ్మకం, దానిని కాదనను. కానీ ఆ పిల్ల అడిగింది ఆ రాత్రి సంగతి కాదు.

బదులుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి వాళ్ళకు చెప్పాను.

పదేళ్ళ క్రితం నేను వేరొక సంఘంలో పనిచేసేవాడిని. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. హార్మోనియం వాయించేవారు, ప్రతి పండుగకూ ముందుండేవారు. ఆయనకు జబ్బు ముదిరి మంచాన పడ్డారు. ఒక సాయంత్రం ప్రార్థన చేయడానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, నేను ప్రభువు దగ్గరకు చేరతానంటారా?" అన్నారు. కళ్ళల్లో భయం కనిపించింది. నాకు ఆయనను ఓదార్చాలనిపించింది. "అదేం మాటండీ! బాప్తిస్మం తీసుకుని యాభై ఏళ్ళు కావస్తోంది. దేవుని మందిరంలో ఇంత సేవ చేశారు. మీకే సందేహమైతే మాలాంటివాళ్ళ గతేమిటి?" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయారు. నేను కీర్తన చదవడం మొదలుపెట్టాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో రోజున చనిపోయారు.

సమాధి చేసి వచ్చాక ఆయన భార్య చెప్పింది. చెల్లెలికి రావలసిన స్థలం, ఆమెకు చదువు రాదని, వేలిముద్ర వేయించుకుని తన పేర రాయించుకున్నారట. ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. "ఆ మాట మీకు చెప్పి, ఆవిడకు కబురు పెట్టించాలనుకున్నారయ్యగారూ. మీరు వచ్చాక ధైర్యం చేస్తారనుకున్నాను" అంది.

ఆ మనిషి హృదయాన్ని దేవుని ఆత్మ పరిశోధిస్తుంటే, నేను అడ్డం వెళ్ళి జోకొట్టాను. ఆయన ఎక్కడున్నారో తీర్పు తీర్చడం నా పని కాదు. దేవుని కృప చివరి గడియలో ఏం చేసిందో నాకు తెలియదు. నేను చేసింది మాత్రం తెలుసు. సమాధి దగ్గర, మన సహోదరుడు నిశ్చయంగా ప్రభువు సన్నిధిలో ఉన్నాడని ప్రసంగం చేశాను. జనం వెనుక ఆ చెల్లెలు నిలబడి విన్నది.

మనం మన సంఘాలలో నిశ్చయతను పంచిపెడుతున్నాము. చెయ్యెత్తిన వెంటనే, కార్డు నింపిన వెంటనే, ఇక సందేహించవద్దంటున్నాము. యోహాను తన మొదటి పత్రికలో నిశ్చయత గూర్చి రాసిన మాట నిజమే. దేవుని కుమారుని నమ్మినవారు తమకు నిత్యజీవం ఉందని ఎరిగి ఉండాలనే ఆయన కోరిక. అయితే ఆ పత్రిక అంతటా ఆయన అడిగే ప్రశ్నలు చూడండి. నీ సహోదరుని ప్రేమిస్తున్నావా? ఆజ్ఞలు గైకొంటున్నావా? చీకటిలో నడుస్తూ వెలుగులో ఉన్నానంటున్నావా? ఆ ప్రశ్నలు వదిలేసి జవాబు మాత్రం పంచితే అది జోలపాట అవుతుంది. మత్తయి ఏడో అధ్యాయంలో ప్రభువా ప్రభువా అంటూ వచ్చినవారు వేషధారులమని తెలిసి రాలేదు. తమకు చోటుందనే ధీమాతో వచ్చారు. తలుపు దగ్గర ఆశ్చర్యపోయారు.

ఇది చదివి వణకవలసినవారు వణకక, వణకనక్కరలేనివారు వణకుతారని కూడా నాకు తెలుసు. మా సంఘంలో ఒక ముసలమ్మ ఉంది. కోడలితో మాటా మాటా వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు రాదు. ఒకసారి రొట్టె విరిచే వేళకు లేచి, గుడి దాటి ఇంటికి వెళ్ళి, కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ప్రతిసారీ నేను పనికిరానిదాన్ని అయ్యగారూ అని ఏడుస్తుంది. అమ్మా, ఇది నీ గురించి కాదు. నీ ఏడుపే నీకు జీవం ఉందనడానికి గుర్తు. నీ చూపు నీ మీద నుండి సిలువ మీదికి తిప్పుకో, చాలు.

చీకటి పడింది. అందరూ బండి ఎక్కుతుంటే హైదరాబాదు అబ్బాయి వెనుక నిలబడిపోయాడు. దగ్గరకు వచ్చి, "నా పేరు ఈసారికి తీసేయండి పాస్టరుగారూ" అన్నాడు. ఎందుకు బాబూ అన్నాను, తెలియనట్టు. "నాకు ఆ అమ్మాయి అంటే ఇష్టం. దేవుడి సంగతి ఇంకా తెలియదు. పాఠాలు కూడా మీరు చెప్పలేదు గదండీ" అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మరింత గుచ్చుకుంది.

మర్నాడు ఉదయం ఏడు గంటలకే కమిటీ సభ్యుడు ఫోను చేశారు. "శుభలేఖలు అచ్చయ్యాయి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టాము, మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా?" అన్నారు. తప్పు నాదేనని, హాజరు పుస్తకంలో టిక్కులు పెట్టింది నేనేనని చెప్పాను. కమిటీలో మాట్లాడుకుందాం అని పెట్టేశారు. నా భార్య వింటూనే ఉంది. "కమిటీవాళ్ళు ఏమన్నా ఆ అబ్బాయి పేరు మాత్రం మళ్ళీ ఎక్కించకండి" అంది. ఆ వారాంతంలో ఆరుగురికే బాప్తిస్మం ఇచ్చాను. పెళ్ళి తేదీ సంగతి ఇంకా తేలలేదు. ఆ అబ్బాయి రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను చేస్తున్నాడు. మొదటి పాఠం నుండి మొదలుపెట్టాము. ఒక్కో రాత్రి నాకు జవాబు తెలియని ప్రశ్న అడుగుతాడు.

తరువాతి సోమవారం నేను ఒక్కడినే బస్సెక్కి, పదేళ్ళ క్రితం పనిచేసిన ఆ ఊరికి వెళ్ళాను. చనిపోయిన పెద్దాయన చెల్లెలు ఉండేది ఊరి చివర. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి వందనాలు చెప్పి, పీట వేసింది. మజ్జిగ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ సాయంత్రం జరిగినదంతా వరుసగా చెప్పేశాను. మీ అన్న మీకు కబురు పెట్టాలనుకున్నాడమ్మా, నేను మాట్లాడనివ్వలేదు అన్నాను.

ఆమె చేతిలోని పండు చాటలో పెట్టేసింది.

"అయితే అనుకున్నాడన్న మాట" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇంకొకసారి చెప్పండయ్యగారూ, ఏమన్నాడు?" అని అడిగింది.